చెట్టంత సహాయం

మాణిక్యాలరావు ఇరవై ఏళ్లుగా జీవిత బీమా చేయిస్తున్నాడు గానీ, 'చావు' అన్న మాట ఒక్కసారి కూడా నోటితో అనలేదు. అంబాజీపేట చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ అరుగు మీద కూర్చున్నా, ముందు మజ్జిగ తాగి, కొబ్బరి ధర అడిగి, పిల్లల చదువులు కనుక్కుని, చివరికి గొంతు తగ్గించి, "రేపేదైనా అటూ ఇటూ అయితే..." అనేవాడు. అవతలివాడు గంభీరంగా తలూపేవాడు. అటంటే ఎటు, ఇటంటే ఎటు అని ఎవరూ అడగలేదు. అలా అడక్కపోవడం మీదే ఆయన వ్యాపారమంతా నడిచింది.

మొదట్లో ఆయన ఒక్క కంపెనీకే ఏజెంటు. తర్వాత ఏ కంపెనీ పాలసీ అయినా ఇప్పించగల బ్రోకరయ్యాడు. ఇందులో సుఖం ఎంతో, చిక్కూ అంతే. ఒక కంపెనీ చుట్ట కాల్చేవాణ్ణి వద్దంటుంది, ఇంకోటి షుగరున్నవాణ్ణి వద్దంటుంది, మరొకటి పడవ నడిపేవాడి పేరు వింటేనే కాగితాలు వెనక్కి పంపుతుంది. ఎవరికి ఎవరు ఇస్తారో ఒక్క బ్రోకరు బుర్రలో పట్టదు. అందుకని బ్రోకర్లకీ కంపెనీలకీ మధ్య నిలబడి, బ్రోకర్లకి సాయం చేయడానికి 'ఊతం జనరల్ ఏజెన్సీ' అని ఒకటి వెలిసింది. కొబ్బరి తాళ్ల కొట్టు మీద మేడగదిలో ఉండేది దాని ఆఫీసు. అందులో కస్తూరి అనే ఆవిడ ఒక్కతే కూర్చునేది. బల్ల ఒకటి, ఫోను ఒకటి, తిరిగినప్పుడు తిరిగే ఫ్యాను ఒకటి. ఫోన్ చేసి అడిగితే, ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసేది. ఊతం అంటే అంతే.

ఆ రోజు మాణిక్యాలరావు మేడ మెట్లు ఎక్కింది ధనరాజు పని మీద.

ధనరాజు దింపు తీస్తాడు. అంటే కొబ్బరిచెట్లెక్కి కాయలు కోసి దించుతాడు. వాళ్లలో ఒక కట్టడి ఉంది. చెట్టు మొదట్లో నిలబడి పడడం గురించి ఎవరూ మాట్లాడరు. మనిషి సంగతి సరే, కాయ కూడా అక్కడ పడకూడదు, 'దిగాలి'. కింద ఉన్నవాళ్లని తప్పుకోమనాలన్నా పైనుంచి "దిగుతున్నాయ్!" అనే కేకేస్తారు. ఎవరైనా తెలియక ఆ మాట అన్నారా, ఎక్కినవాడు దిగిపోయి ఇంటికి పోతాడు, ఆ పూట కూలి పోయినా సరే.

మాట ఆపారు గానీ జరిగేది ఆగలేదు. కిందటి కార్తీకంలో ధనరాజు అన్న చెట్టు మీంచి జారి, మళ్లీ లేవలేదు. అతని భార్య ఇప్పుడు సంతలో అరటిపళ్ల గంప ముందు కూర్చుంటోంది. అది చూసిన నాటి నుంచి ధనరాజు భార్య బుల్లెమ్మకి అన్నం సయించలేదు. ఒకనాటి ఉదయం మొగుడు చెట్టెక్కే తాడూ, కత్తీ తీసుకెళ్లి బియ్యప్పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో పసుపుతాడుకి కట్టుకుంది.

"ఇనూరెన్సు కాగితం నా చేతిలో పడేదాకా నువ్వు చెట్టెక్కేది లేదు," అని తేల్చి చెప్పేసింది. "అది వచ్చినాకా ఈ పెట్టి తీత్తాను. ఈలోగా గంజి తాగుదాం."

బియ్యం కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి గనక పెట్టె రోజుకోసారి తెరవక తప్పేది కాదు. కానీ తాడు మాత్రం బయటికి రాలేదు. అందుకని మాణిక్యాలరావు పరుగున వచ్చాడు. ఆ ఇంట్లో పొయ్యి ఆరకుండా ఉండాలంటే పాలసీ తొందరగా రావాలి.

కస్తూరి విని, పెన్ను కూడా తీయకుండా చెప్పింది. "దింపు తీసేవాళ్లకి పెద్ద కంపెనీలు ఇవ్వవండి. రాజమండ్రిలో వశిష్ఠ బీమా అని చిన్న కంపెనీ ఉంది, వాళ్లిస్తారు. ప్రీమియం కాస్త ఎక్కువేస్తారంతే. సాయంత్రం వాళ్ల పెద్దాయనతో నేను మాట్లాడతాను, రేపు మీరెళ్లి కాగితాలు ఇచ్చేయండి."

మాణిక్యాలరావు సంతోషంగా మెట్లు దిగుతుంటే, తెల్లకారొకటి తాళ్ల కొట్టు ముందు ఆగింది.

కారులోంచి దిగినాయన పేరు పరాంకుశం. ఊతం వారి పై ఆఫీసు నుంచి వచ్చిన ప్రాంతీయ సహాయ సంచాలకుడు. బంగారు ఫ్రేము కళ్లద్దాలు, పాలిష్ చేసిన బూట్లు. ఆయన మాణిక్యాలరావుని మెట్ల మీదే ఆపి, రెండు చేతులూ పట్టుకుని కళ్లలోకి చూశాడు.

"మీ రికార్డు చూశాను. నాకు చాలా బాధ కలిగింది."

మాణిక్యాలరావు కంగారుపడ్డాడు. "ఏమైందండీ? ఈ ఏడు పాలసీలు బాగానే చేశానే!"

"పాలసీల గురించి కాదు. మీరు మా నుంచి పొందిన సహాయం అత్యల్పంగా నమోదైంది. పాలసీకి ఒక్క ఫోన్ కాల్. ఒక్కటి!"

"అది సరిపోయిందండి."

పరాంకుశం విచారంగా తల ఊపాడు. "సరిపోయింది అనుకోవడమే నిస్సహాయతకి తొలి లక్షణం. మీలాంటివారి కోసమే మా సంస్థ నూతన సహాయ విధానాన్ని ప్రవేశపెడుతోంది. ఇకమీదట ఏ పాలసీ కూడా నిస్సహాయంగా వెళ్లరాదు. ప్రతి పాలసీకీ కనీసం ఏడు సహాయాలు."

"ఏడెందుకండీ?"

"మా పై ఆఫీసుకి ఏడంతస్తులు ఉన్నాయి," అన్నాడు పరాంకుశం, అందులో అడగవలసిందేముందన్నట్టు.

అదే సాయంత్రం కస్తూరికి ప్రమోషన్ వచ్చింది. ఆవిణ్ణి సహాయ గణనాధికారిణిని చేసి, గదిలో ఒక మూల అద్దాల అర కట్టి అందులో కూర్చోబెట్టారు. ఎవరికి ఎన్ని సహాయాలు అందాయో ఆవిడ లెక్కపెట్టాలి. లెక్కపెట్టేవాళ్లే సహాయం కూడా చేస్తే లెక్క మీద నమ్మకం పోతుంది గనక, ఇకమీదట ఆవిడ ఎవరికీ సహాయం చేయడానికి వీల్లేదు. రాజమండ్రికి చేయవలసిన ఫోను ఆ విధంగా ఆగిపోయింది. ఊతం నుంచి మాట అందందే వశిష్ఠ వాళ్లు బ్రోకరు కాగితాలు ముట్టుకోరు.

మర్నాడు మాణిక్యాలరావు అద్దం మీద వేలితో కొట్టి, "అమ్మా, వశిష్ఠ వాళ్లకి..." అనబోతే, ఆవిడ నిస్సహాయంగా చూసి, ఆయన వచ్చినందుకు ఒక గీత గీసుకుంది.

మొదటి సహాయం తెల్లవారుతూనే ఫోన్ లో వచ్చింది. ఒక తియ్యటి గొంతు అడిగింది.

"మాణిక్యాలరావు గారూ, ఈ రోజు మీ మనోస్థైర్యం ఎలా ఉందండీ?"

"పళ్లు తోముకుంటున్నానమ్మా."

"అది స్థైర్యం కింద రాసుకోమంటారా, అధైర్యం కిందనా?"

"నీ ఇష్టం తల్లీ."

"అధైర్యం అని రాస్తున్నానండీ. అలా అయితే రేపు కూడా చేయడానికి అవకాశం ఉంటుంది," అని ఫోన్ పెట్టేసింది. ఆ రోజు మొదలు రోజూ పళ్లు తోముకునే వేళకి ఆయన అధైర్యం పరామర్శ జరుగుతూ వచ్చింది.

రెండో సహాయం మాట తీరుకి సంబంధించింది. విజయవాడ నుంచి ఒక శిక్షకుడు వచ్చి, మాణిక్యాలరావుని మేడగదిలో అద్దం ముందు నిలబెట్టి, ఖాతాదారుతో ఎలా మాట్లాడతారో అలా మాట్లాడమన్నాడు. ఆయన అలవాటు ప్రకారం మజ్జిగ అడిగి, కొబ్బరి ధర అడిగి, గొంతు తగ్గించి, "రేపేదైనా అటూ ఇటూ అయితే..." అన్నాడు.

"ఆగండి," అన్నాడు శిక్షకుడు. "అటు అంటే ఎటు?"

"అంటే... అటేనండీ."

"మరి ఇటు?"

మాణిక్యాలరావు పైకీ కిందికీ చూశాడు.

"ఖాతాదారు ఏ దిశగా ప్రయాణిస్తాడో తెలియజేయకుండా వాగ్దానం చేయడం మా నియమావళికి విరుద్ధం. స్పష్టంగా ఉచ్చరించండి. మీరు మరణిస్తే. నా వెంట అనండి."

మాణిక్యాలరావు నోరు తెరిచాడు. మాట రాలేదు, దగ్గొచ్చింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ దగ్గే. శిక్షకుడు 'కంఠ దౌర్బల్యం' అని నిర్ధారించి ఆయన్ని అమలాపురంలో గొంతు డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, ఏమీ లేదు, వేన్నీళ్లు పుక్కిలించమన్నాడు. ఊతం వారు శిక్షణని ఒక సహాయంగానూ, డాక్టరుని ఇంకో సహాయంగానూ, వేన్నీళ్లని మరొకటిగానూ జమ వేశారు.

ఇవతల ధనరాజు ఇంట్లో గంజి పల్చబడింది. తోటల వాళ్లు రెండుసార్లు కబురు పెట్టి, మూడోసారి ఇంకొకణ్ణి పిలుచుకున్నారు. బుల్లెమ్మ కోళ్లని అమ్మేసింది. మాణిక్యాలరావు కనిపించినప్పుడల్లా బుల్లెమ్మ అడిగేది.

"ఎందాకా వచ్చిందండి బాబూ, కాగితం?"

"వస్తుందమ్మా. పెద్దవాళ్లంతా సాయం చేస్తున్నారు."

"అంతమంది సేత్తన్నారా? ఆయ్, అయితే మంచిదేనండి," అనేది ఆవిడ నమ్మకంగా. ఆ నమ్మకం చూస్తే మాణిక్యాలరావుకి సిగ్గేసేది. రాత్రి కంచం ముందు కూర్చుంటే ఆ గంజే గుర్తొచ్చేది.

అయిదో సహాయం క్షేత్ర సందర్శన. ఖాతాదారుని కలిసేటప్పుడు బ్రోకరు ఒంటరిగా వెళ్లకూడదు. అందుకని మాణిక్యాలరావు మోపెడ్ ముందు నడిస్తే, వెనక రెండు కార్లలో ఊతం వారు బయల్దేరారు. ఒకాయన మాట సహాయకుడు, ఒకాయన కాగితాల సహాయకుడు, ఒకావిడ మనోస్థైర్య సహాయకురాలు, వీళ్లకి అలసట కలిగితే చూసుకోవడానికి ఇంకొకాయన, అందరినీ పర్యవేక్షించడానికి పరాంకుశం. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది మాణిక్యాలరావు పరిస్థితి. ఇంత తెల్లబట్టల జనాన్ని చూసి, భూములు కొలవడానికి సర్వే వాళ్లొచ్చారనుకుని వీధిలో సగంమంది తలుపులు వేసుకున్నారు.

బుల్లెమ్మ వాకిట్లోకి వచ్చి అందరినీ తేరిపార చూసింది.

"వీళ్లంతా ఎవరండి?"

"మేమంతా మాణిక్యాలరావు గారికి ఊతం," అన్నాడు పరాంకుశం.

ఆవిడ మాణిక్యాలరావు కాళ్ల వైపు జాలిగా చూసింది. "అయ్యో, ఏటైందండి బాబూ? మొన్నటిదాకా బాగానే నడిచీవోరు గదా!"

ఇంటి పక్కనే పొరుగువారి కొబ్బరిచెట్టు ఉంది. వృత్తి స్వభావం ప్రత్యక్షంగా పరిశీలించాలని పరాంకుశం అందరినీ దాని మొదట్లో నిలబెట్టాడు. మాట సహాయకుడు ధనరాజు ముందుకి వచ్చి, పుస్తకంలో ఉన్న ప్రకారం గట్టిగా, స్పష్టంగా అడిగాడు.

"మీరు ఈ చెట్టు మీంచి పడితే, మీ కుటుంబం గతేమిటి?"

ధనరాజు ముఖం నల్లబడింది. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని, ఇంట్లోకి వెళ్లి పడుకున్నాడు. బుల్లెమ్మ చెట్టు మొదట్లో చెంబుడు నీళ్లు పోసి, దిష్టి తీసి, తలుపేసింది.

"ఖాతాదారు గాఢంగా ఆలోచనలో పడ్డారు," అని రాసుకున్నాడు పరాంకుశం. "మాట సహాయం ఫలించింది."

ఆరో సహాయం కాగితాలది. అవి పెద్ద కంపెనీకి పోయి తిరిగొచ్చాయి. మాణిక్యాలరావుని మేడగదికి పిలిచి పరాంకుశం వివరించాడు.

"వీరు చెట్లు ఎక్కే వృత్తిలో ఉన్నారు. ప్రాణాపాయం. కంపెనీ అంగీకరించదు."

"ఇప్పుడు ఎక్కట్లేదండి. పెళ్లాం తాడు దాచేసింది."

పరాంకుశం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎక్కడం లేదా? అయితే ఆదాయం లేదన్నమాట. ఆదాయం లేని వ్యక్తికి పాలసీ ఎలా ఇస్తారు?"

"పాలసీ ఇస్తే ఎక్కుతాడండి."

"ఎక్కితే అపాయం."

"ఎక్కకపోతే?"

"నిరుద్యోగం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మాణిక్యాలరావుకి కోపం వచ్చింది. ఇరవై ఏళ్లలో ఆఫీసులో గొంతెత్తని మనిషి ఆ రోజు బల్ల మీద చెయ్యి వేసి అన్నాడు. "అయ్యా, మొదటిరోజే ఈ అమ్మాయి చెప్పింది. రాజమండ్రిలో వశిష్ఠ వాళ్లు ఇస్తారట. నన్ను అక్కడికి పోనివ్వండి."

అద్దాల అరలో కస్తూరి తల వంచుకుంది.

"ఆ సమాచారం నూతన విధానానికి పూర్వం ఇవ్వబడింది," అన్నాడు పరాంకుశం శాంతంగా. "దాన్ని సహాయంగా పరిగణించలేం. అయినా మీరు నిరాశపడనవసరం లేదు. ఏడో సహాయం మిగిలే ఉంది. దాన్ని నేనే స్వయంగా చేస్తాను."

ఏడో సహాయం నిజంగానే ఎవరూ ఊహించనిది. పరాంకుశం ధనరాజుకి ఊతంలో ఉద్యోగం ఇచ్చాడు. చెట్లెక్కేవాడు అపాయం, ఏమీ చేయనివాడు నిరుద్యోగి. అందుకని అతణ్ణి 'ఆదర్శ ఖాతాదారు' అనే హోదాతో కుర్చీలో కూర్చోబెట్టారు. అపాయమూ పోయింది, నిరుద్యోగమూ పోయింది. గౌరవ వేతనం అన్నారు. గౌరవం వెంటనే, వేతనం విధివిధానాలు ఖరారయ్యాక.

ధనరాజు రోజూ ఉతికిన చొక్కా వేసుకుని మేడగదిలో తిరుగుడు కుర్చీలో బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చెట్టు చిట్టచివర మట్టల మధ్య భయం తెలియకుండా కూర్చున్నవాడికి ఆ కుర్చీ కొంచెం కదిలితే గుండె జారేది. మధ్యాహ్నం మాణిక్యాలరావు తన క్యారేజీలో సగం అతనికి పెట్టేవాడు. అది ఏ సహాయం కిందికీ రాదని కస్తూరి గీత గీయలేదు.

"ఎన్నాళ్లండి బాబూ ఇలాగ?" అనేవాడు ధనరాజు ముద్ద మింగలేక. "కింద కూకుంటే నాకు కళ్లు తిరుగుతన్నాయండి."

అయితే ఎట్టకేలకు పెద్ద కంపెనీ నుంచి పాలసీ వచ్చింది! ఊతం వారు దాన్ని మామూలుగా ఇవ్వదలుచుకోలేదు. ఏడు సహాయాలూ పొందిన తొట్టతొలి పాలసీ గనక, ధనరాజు ఇంటి పక్క చెట్టు దగ్గరే షామియానా వేశారు, మైకు పెట్టారు. 'శిఖరాగ్రాన భద్రత' అని రాసిన బేనరు కట్టారు. మాణిక్యాలరావుకి 'అత్యధిక సహాయం పొందిన బ్రోకరు' అని శాలువా కప్పారు. ఆ మూడు నెలల్లో ఆయన చేసిన పాలసీ ఇదొక్కటే. సహాయాల మధ్య ఇంకో పాలసీకి తీరిక చిక్కలేదు.

"ఒక బ్రోకరు ఎంత నిస్సహాయుడైతే మా అవసరం అంత పెరుగుతుంది," అన్నాడు పరాంకుశం మైకులో. "ఈ విషయంలో మాణిక్యాలరావు గారు అందరికీ మార్గదర్శకులు."

చప్పట్లు మోగాయి. బుల్లెమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆవిడ కళ్లన్నీ ఆ కాగితం మీదే. అది ధనరాజు చేతిలో పడగానే, మెడలోని తాళంచెవి తీసుకుని ఇంట్లోకి పరిగెత్తి, బియ్యప్పెట్టె తెరిచి, తాడూ కత్తీ తెచ్చి మొగుడి కాళ్ల దగ్గర పెట్టింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంక ఎక్కవయ్యా," అంది. "ఇంక నాకు బెంగ లేదు."

అది చూసి పరాంకుశానికి మహా ఉత్సాహం వచ్చింది. "అద్భుతం! ఎక్కండి ధనరాజు గారూ! చెట్టు చివర కూర్చుని పాలసీ చేత్తో పట్టుకోండి. పై ఆఫీసుకి ఫోటో పంపాలి!"

ధనరాజు చొక్కా విప్పి, తాడు కాళ్లకి తగిలించుకున్నాడు. మూడు నెలల తర్వాత అతని ముఖంలో మొదటిసారి నవ్వు కనిపించింది. పైకెళ్లాక పురికొస వదిలి అందుకుంటానని కాగితం మాణిక్యాలరావు చేతికి ఇచ్చి, చెట్టుని కళ్లకద్దుకుని ఎక్కడం మొదలుపెట్టాడు.

పాలసీ చేతికొస్తే వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవడం మాణిక్యాలరావుకి ఇరవై ఏళ్ల అలవాటు. ఈ కాగితాన్ని ముందే చూపించమని అడిగితే, దస్తావేజు పరిశీలన ఎనిమిదో సహాయం కిందికి వస్తుందని, ఎనిమిదో అంతస్తు ఇంకా కట్టలేదని చెప్పారు. ఇప్పుడు తిప్పి చూశాడు. వృత్తి: ఆఫీసులో ఆసీనుడు. ఖాతాదారు కుర్చీ ఎత్తుకి మించి దేనిపైకి ఎక్కి ప్రమాదానికి గురైనా ఈ పాలసీ వర్తించదు.

తలెత్తి చూస్తే ధనరాజు అప్పటికే ఇద్దరు మనుషుల ఎత్తు దాటిపోయాడు. కింద బుల్లెమ్మ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ పైకి చూస్తోంది.

"ధనరాజూ!" అని పిలిచాడు. "రేపేదైనా... అటూ... ఇటూ..."

"ఉండండి బాబూ, పైకెళ్లాక ఇద్దురుగానీ!" అని ధనరాజు ఇంకో పట్టు పైకి జరిగాడు.

అటూ ఇటూ అంటే ఇప్పుడు లాభం లేదు. మాణిక్యాలరావు గొంతులోకి దగ్గొచ్చింది. దాన్ని మింగి, జీవితంలో ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచాడు.

"పడితే పైసా రాదు ధనరాజూ! దిగిపో! చచ్చిపోతే చిల్లిగవ్వ కూడా ఇవ్వరు!"

మైకు ఎదురుగానే ఉంది గనక ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది. చెట్టు మీద ధనరాజు చేతులు బిగుసుకున్నాయి. చెట్టుని కావలించుకుని కాసేపు అలాగే ఉండి, మెల్లగా, ఒక్కొక్క పట్టుగా దిగివచ్చాడు. కాళ్లు నేలకి తగిలాకే బుల్లెమ్మ ఊపిరి పీల్చుకుంది.

మాణిక్యాలరావు వాళ్లిద్దరికీ కాగితం వెనక ఉన్నది చదివి చెప్పాడు. శాలువా తీసి కుర్చీ మీద పడేసి, "ఇన్నాళ్లు మిమ్మల్ని గంజి మీద ఉంచాను, నాకు సిగ్గుగా ఉంది," అన్నాడు.

బుల్లెమ్మ చెట్టు మొదట్లో ఆ మాట అన్నందుకు తిడుతుందని అందరూ అనుకున్నారు. ఆవిడ తిట్టలేదు. తాడూ కత్తీ తీసుకుని, పరాంకుశాన్నీ, ఆయన వెనక నిలబడ్డవాళ్లనీ ఒక్కొక్కరినీ చూసింది.

"మూడు నెలలు ఇంతమంది వచ్చి ఇన్ని కబుర్లు సెప్పేరు," అంది. "మాకు పనికొచ్చిన మాట ఈ బాబు అన్న ఒక్క ముక్కేనండి." ఇంట్లోకి వెళ్లి తాడు మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేసింది.

పరాంకుశం అప్పటికి తేరుకున్నాడు. "మాణిక్యాలరావు గారూ, ఇప్పుడు మీరు చేసింది సహాయమా?"

"ఏమోనండి. అలాగే అనిపించింది."

"ఎవరి అనుమతితో చేశారు?"

మాణిక్యాలరావు వెళ్లి మోపెడ్ స్టార్ట్ చేస్తుంటే కస్తూరి వచ్చి పక్కన నిలబడింది. గణన పుస్తకం చంకలో పెట్టుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "వశిష్ఠ వాళ్ల పెద్దాయనకి ఇందాకే నా ఫోన్ లోంచి చెప్పానండి. రేపు పొద్దుటి బస్సుకి వెళ్లండి. ఇది నేను లెక్క వేసుకోను."

మర్నాడు ఆయన పళ్లు తోముకుంటుంటే మోగిన ఫోన్ ఎత్తకుండా బస్సెక్కాడు. వశిష్ఠ వాళ్ల పెద్దాయన కాగితాలు చూసి, "చెట్లెక్కుతాడా?" అని అడిగాడు. "ఎక్కుతాడండి. ఎక్కడం మానడు. పడితే మీరు ఇవ్వాలి," అన్నాడు మాణిక్యాలరావు. ఈసారి దగ్గు రాలేదు. ప్రీమియం కాస్త ఎక్కువే వేశారు. చెట్టెక్కేవాడని పాలసీ ముందు పేజీలోనే పెద్ద అక్షరాలతో రాశారు. పది రోజుల్లో కాగితం బుల్లెమ్మ చేతిలో పడింది. ఆవిడ దాన్ని మాణిక్యాలరావు చేత ముందూ వెనకా రెండుసార్లు చదివించుకుని, అప్పుడు గానీ పెట్టె తాళం తీయలేదు.

ఆ వారంలోనే ఊతం వారి నుంచి మాణిక్యాలరావుకి నోటీసు వచ్చింది. ధనరాజు తోటలో దింపు తీస్తున్నాడని తెలిసి చూడ్డానికి వెళ్లినప్పుడు ఆయన దాన్ని జేబులోనే తీసుకెళ్లాడు. చెట్టు మొదట్లో కూర్చుని తీరిగ్గా చదువుకున్నాడు. 'తమరు ఎట్టి సహాయమూ లేకుండా ఒక పాలసీని పూర్తిచేసినట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్టి నిస్సహాయ చర్యకు తమరిపై ఎందుకు సహాయక చర్య తీసుకొనరాదో ఏడు రోజులలోగా తెలియజేయవలెను. సంజాయిషీ రాయుటకు సహాయకులు పంపబడుదురు.'

అంతలో చెట్టు చివర మట్టలు కదిలాయి. పైనుంచి ధనరాజు, ఆ తోటలో తాతల నాటి నుంచీ ఎవరూ అనని మాటతో కేక పెట్టాడు.

"పక్కకి జరగండి బాబూ! పడతన్నాయి!"

కాయలు ఏరడానికి గంప పట్టుకుని నిలబడ్డ బుల్లెమ్మ ఉలిక్కిపడి, ఒక్క క్షణం గుండె మీద చెయ్యేసుకుంది. తర్వాత నడుముకి దోపుకున్న పాలసీ కాగితాన్ని తడిమి చూసుకుని నవ్వేసింది. మాణిక్యాలరావు నోటీసు అక్కడే వదిలేసి పక్కకి జరిగాడు. గెల వచ్చి సరిగ్గా దాని మీద పడింది.